చింతపండు మంగళవారాలు

నేను ఇరుగుపొరుగును ప్రేమతో పిలవలేదు. చింతపండు గింజ తీయడానికి పిలిచాను. తర్వాత నన్ను మంచిదాన్ననుకుని బాధపడకండి, ముందే చెప్పేస్తున్నాను. నా చదువు మూడో తరగతితో ఆగింది. అబద్ధాలు అందంగా రాయాలంటే ఇంకాస్త చదవాలేమో.

ప్రతి ఎండాకాలం ఉస్మాన్‌గంజ్ టోకు బజారు నుంచి ఏడాదికి సరిపడా గింజ చింతపండు బస్తా తెచ్చుకుంటాం. గింజ తీసింది కొంటే ధర ఎక్కువ. ఒకప్పుడు నేనూ ఆయనా కూర్చుని ఒలిచేవాళ్ళం. ఆయన పోయారు. నా వేళ్ళు వంగడం మానేశాయి. కొడుకూ కోడలూ పొద్దున్నే ఆఫీసులకు పోతే, సాయంత్రం దాకా ఇంట్లో గొంతున్నది ఫ్రిజ్‌కే. అదీ గురగురమంటుంది.

అందుకే ఒక మంగళవారం మధ్యాహ్నం ముగ్గురిని అరుగు మీదికి పిలిచాను. సందు చివరి గుడి పూజారి భార్య, పక్కింటి పాలవాళ్ళ కోడలు, ఎదురింటి ఖాలా. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, మా సందంతటికీ పిన్నే. ఖాలా లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజుల మీద రాళ్ళు అతికించి ఇస్తుంది.

"ఊరికె ముచ్చట వెట్టుకుందాం రాండ్రి" అన్నాను. అందరూ కూర్చున్నాక బస్తా విప్పాను.

"గిదా అవ్వా ముచ్చట?" అంది పాలవాళ్ళ కోడలు.

"నోటితోని ముచ్చట, చేతులతోని చింతపండు. రెండూ ఒక్కపారే అయితయి."

పూజారి భార్య మడి మనిషి. తన స్టీలు గ్లాసు తనే తెచ్చుకుని, టీ తాగి, తనే కడిగి పట్టుకుపోయింది. నా టీకి లేని మైల నా గ్లాసుకు ఎట్లా వచ్చిందో నేనడగలేదు. పద్ధతి మాత్రం మహా నచ్చింది. మరుసటి వారం నుంచి ఎవరి గ్లాసు వాళ్ళే తెచ్చుకోవాలన్నాను. ఆనాటి నుంచి మా అరుగు మీద ఖాలాతో సహా అందరికీ మడే. నాకు అంట్లు తప్పాయి.

దేవుడి అలంకారం కన్నా పూజారిగారి జుట్టుకు రంగేయడానికే ఎక్కువ సేపు పడుతుందని ఆయన భార్యే చెప్పింది. ఖాలా నవ్వి నవ్వి ఒలిచిన చింతపండంతా కింద పోసింది. తిట్టాను. కానీ మంగళవారం వస్తే పొద్దుటి నుంచే నా చెవులు గేటు చప్పుడు మీద ఉండేవి.

నాలుగో వారం బస్తా అడుగు కనిపించింది.

"ఇగ అయిపాయె అవ్వా. మల్ల వచ్చే ఏడే" అంది పాలవాళ్ళ కోడలు గ్లాసు కడుక్కుంటూ.

నవ్వుతూనే అంది. నేను మాత్రం ఖాళీ బస్తాను ఇంకోసారి దులిపి చూశాను. ఏడాదంతా మళ్ళీ ఆ ఫ్రిజ్‌తోనేనా? రమ్మని అడగొచ్చు. పని లేకుండా మనిషిని రమ్మనడం నాకు చేతకాదు.

సోమవారం నేను, ఎప్పుడూ బస్సు దిగి నడిచే నేను, ఆటో ఎక్కి వెళ్ళి ఇంకో బస్తా తెచ్చాను.

"జాడీలన్నీ నిండినయ్ గద అత్తమ్మా, గిదెందుకు?" అంది కోడలు.

"ధర పెరుగుతదట."

మర్నాడు ఖాలా బస్తాలోంచి ఒక ముద్ద తీసి విరిచి వాసన చూసింది. "అమ్మా, యే తో పురానీ ఇమ్లీ! పోయినేటిది. మొత్తం నల్లగైంది."

నిజమే. మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడనిదే ఏ బస్తా కొనని నేను, ఈసారి మూతి కూడా విప్పించలేదు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళకు అర్థమైందని నాకూ అర్థమైంది. పొయ్యి మీద టీ ఉందంటూ లేవబోతే పూజారి భార్య నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"మీ చింతపండు కోసం వస్తున్నమనుకున్నరా? టీ కోసమైతే అసలే కాదు. నీళ్ళ లెక్కుంటది."

"మరి ఎందుకొస్తున్నరు?"

"మా అత్త ముంగట కూసునుడు కంటె నీ తిట్లే నయం అవ్వా" అంది పాలవాళ్ళ కోడలు.

"వచ్చే హఫ్తా నా రాళ్ళు తెస్త" అంది ఖాలా. "అందరు అతికియ్యాలె. ముఫ్త్‌ల, పైసలడగొద్దు."

తెచ్చింది. నేను అతికించినవన్నీ ఊడదీసి మళ్ళీ తనే అతికించుకుంది. ఆ పై వారం పాలవాళ్ళ కోడలు వెల్లుల్లి తెచ్చింది. పూజారి భార్య దాన్ని ముట్టదు కాబట్టి, ఓ పక్కన కూర్చుని గుడికి వత్తులు చేస్తూ మాకు వంకలు పెట్టింది.

ఆ నల్ల చింతపండు పారేశాననుకునేరు. నెలల తరబడి మా ఇంట్లో పులుసు నల్లగానే ఉంటోంది. కొడుకు గిన్నెలోకి చూసి, నా వైపు చూస్తాడు.

"తిను" అంటాను.