సరంగు తాతబ్బాయి కూర్చోవడం నేర్చుకున్న వైనం

ధ్యానం గురించి రాసిన పుస్తకాల్లో కొండగుహలుంటాయి, ఏటి ఒడ్డున జింక చర్మాలుంటాయి. ఈ దీవుల్లోని జంగ్లీఘాట్‌లో రేకుల ఇంట్లో, పక్కన చేపల తట్టలు దించే గోలలో, మోకాలు సరిగా వంగని మనిషి ఎలా కూర్చోవాలో మాత్రం ఎవరూ రాయలేదు. ఆ రాసినవాళ్ళకు అలిగిన కూతుళ్ళు ఉండి ఉండరు.

తాతబ్బాయికి ఉంది. పేరు సీతాలు. మాయాబందర్‌లో కాపురం. కిందటిసారి ఆమె మొగుడితో వచ్చినప్పుడు, అల్లుడు సామాను దించిన చోటు నచ్చక, జెట్టీ మీద నలుగురిలో అతన్ని కేకలేశాడు తాతబ్బాయి. ఇంజను మోత మీద ఖలాసీలకు వినబడేలా అరిచి అరిచి, బోటు నడిపే సరంగుగా రిటైరైన గొంతు అది. ఇంట్లోకి వచ్చినా తగ్గలేదు. ఇప్పుడు సీతాలుకు నెలలు నిండుతున్నాయి. బోటు మీద వచ్చే మనిషి చేత కబురంపింది: "పురుడికి వస్తాను. నాన్న ఒక్కసారి అరిచినా మర్నాడే బోటెక్కేస్తాను."

"దాని తొలికాన్పు నా చేతుల మీద జరగాల. నీ నోరు కట్టేసుకో," అంది భార్య నూకరత్నం.

అందుకని తాతబ్బాయి ధ్యానానికి దిగాడు. బతు బస్తీలో గణేశ్వరరావు గారని తపాలా ఆఫీసులో చేసి మానేసిన పెద్దమనిషి, పొద్దున్నే నలుగురిని కూర్చోబెట్టి ఊపిరి గమనించడం నేర్పుతుండేవారు. మెయిన్‌లాండ్ నుంచి ఓడలో వచ్చినవాళ్ళు ఆ రోజుల్లో ఇక్కడికి ఏమేం తెచ్చారని! విత్తనాలు, గొడవలు, దేవుళ్ళు. ఈయన మౌనం తెచ్చారు.

తాతబ్బాయి చాప మీద నిటారుగా కూర్చుని, మనసును డ్యూటీలో పెట్టాడు. అది నిలబడదే! ఒకప్పుడు తను బోటు కట్టిన రంగత్ జెట్టీకి పోతుంది, అల్లుడి దగ్గరకు పోతుంది. పోయినప్పుడల్లా తన తొడ మీద తనే చెళ్ళున కొట్టుకునేవాడు.

"ఏటయ్యా, దోమలా?" అంది నూకరత్నం వంటింట్లోంచి.

"దోమలు కావే. నేనే."

"కళ్ళు మూసుకుని కూడా ఖలాసీల్నే తిడతన్నావు. ఇక దానికీ దీనికీ తేడా ఏటి?"

గణేశ్వరరావు గారికి చెప్పుకుంటే ఆయన నవ్వారు. "పారిపోవడం మనసు పని తాతబ్బాయి గారూ. కేకలేయకుండా వెనక్కి పిలవండి. కాలు నొప్పెడితే చాపుకోండి. శిక్ష కాదు కదా."

కాలు చాపుకుని చేసేదేం ధ్యానమని తాతబ్బాయి లోపల్లోపల తీసిపారేశాడు. తొడ మీద దెబ్బలు మానలేదు.

ఒక మధ్యాహ్నం రేవులో ఎవరిదో కొత్త డింగీ పడవ ముక్కు పైకెత్తి వేలాడుతూ కనిపించింది. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు మోకు బిగించి కట్టి పోయాడు ఎవడో. పోటు తగ్గి నీళ్ళు వెనక్కి తీశాక డింగీకి దిగే దారి లేదు. మోకు కిర్రుమంటోంది.

"అరే భయ్యా, ఢీల్ దే! వదులియ్యి!" అని అరిచి, ఎవరూ పలక్కపోతే తనే వెళ్ళి ముడి సడలించాడు. డింగీ మెల్లగా నీళ్ళ మీదికి వాలింది. అటూ ఇటూ ఊగింది. ఎక్కడికీ పోలేదు.

తాతబ్బాయి చేతిలోని మోకు వైపు చూశాడు. సముద్రం మీద కోప్పడి ఇంతవరకు ఏ మోకూ బిగించలేదు తను. తన విషయంలో మాత్రం అదే చేస్తున్నాడు.

మర్నాడు గోడకు చేరగిలబడి, కాలు చాపుకుని కూర్చున్నాడు. మనసు రంగత్ పోయింది. పోనిచ్చి, పిలిచాడు. మళ్ళీ పోయింది. మళ్ళీ పిలిచాడు. పెద్దగా ఏమీ జరగలేదు. తొడ మాత్రం నొప్పెట్టలేదు.

సీతాలు వచ్చింది. రోజులు సాఫీగానే నడిచాయి. ఒక వాన వెలిసిన పొద్దున, నిండు కడుపుతో బిందె పట్టుకుని పెరటి మెట్లు దిగబోయింది.

"కళ్ళు నెత్తికెక్కాయా!" అని తాతబ్బాయి అరిచిన అరుపుకు పక్కింటి యర్రమ్మ కూడా బయటికొచ్చింది.

సీతాలు బిందె దించి, లోపలికెళ్ళి పెట్టెలో బట్టలు సర్దసాగింది. నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇలాంటప్పుడు తాతబ్బాయి ఏం చేస్తాడో ఇద్దరికీ తెలుసు: తనమీద తనకు మండి, తప్పు తనది కాదని ఇంకా గట్టిగా అరిచి, రేవుకు పోయి రాత్రి దాకా తిండికి రాడు.

అరుపు మళ్ళీ గొంతు దాకా వచ్చింది. వచ్చిందని తెలిసింది. ఇన్నాళ్ళు కూర్చుని ఏం సాధించావురా అని తిట్టుకోబోయి, ఆ తిట్టునూ పోనిచ్చాడు. గుమ్మంలో కూలబడ్డాడు.

"అరిచేశానమ్మా," అన్నాడు. "ఆ మెట్టు నాచు పట్టింది. భయమేసింది. మళ్ళీ అరుస్తానేమో కూడా. సరిచేసుకుంటున్నాను."

సీతాలు చేతిలో చీర పట్టుకుని తల్లి వైపు చూసింది.

"అమ్మా, నాన్నకి ఒంట్లో బాగుందా?"

"నిక్షేపంలా ఉన్నాడు. ఆ బిందె నేను తెస్తాను, నువ్వు కూకో."

సీతాలు చీరను మళ్ళీ దండెం మీద వేసింది.