లత వాళ్ల గుమ్మానికి పోయిన దారి

మా వీధిలో అపార్ట్‌మెంట్ కడుతూ నడిచే దారికి అడ్డంగా రేకులు పాతారు. అవతలి వైపు నుంచి వెళ్లమని బాణం గుర్తు వేశారు. ఎండకు కాగిన ఆ రేకుల వాసనకు ఒమన్‌లో, బౌషర్‌లో చిన్నప్పుడు మేమున్న ఇల్లు గుర్తొచ్చింది.

తొంభైల మొదటి రోజులు. సైట్‌లో డ్యూటీ దిగిన మనవాళ్లు మా గుమ్మం ముందు నుంచే రూమ్‌లకు వెళ్లేవారు. వాళ్లలో మల్లయ్య మామ రోజూ ఆగి, "ఏం రజితా, తిన్నవా బిడ్డా?" అంటూ జేబులోంచి ఖర్జూరాలు తీసి ఇచ్చేవాడు.

"నా పేరు రజిత గాదు మామా!" అని మూతి ముడిచేదాన్ని.

"ఊర్ల ఉన్న ఆయన బిడ్డ పేరది. పిలువనియ్యి, నీదేం పోతది?" అనేది అమ్మ.

ఇంతలో మా ఎదుటి ఖాళీ జాగాలో విల్లాలు కడతామని రేకులు పాతారు. దారి మా వెనకింట్లో ఉండే నా ఈడు పిల్ల లత వాళ్ల గుమ్మం ముందుకు మారింది. అక్కడ పనికి కుదిరి రేకులు పాతింది లత నాన్నే. కూతురి కోసమే దారిని అటు తిప్పుకున్నాడని నాకు ఒళ్లు మండిపోయింది.

ఓ సాయంత్రం ఉండబట్టలేక ఇల్లు చుట్టి వెళ్లాను. లత దోసిట్లో ఖర్జూరాలు! "ఏం రజితా, తిన్నవా బిడ్డా?" అంటున్నాడు మల్లయ్య మామ.

"అది రజిత గాదు మామా! నేనే రజితను!" అని అరిచాను.

మామ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తువ్వాలతో మొహం తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

తన పేరు కోసం నేనంతగా కుళ్లుకున్నానని ఊళ్లో ఉన్న అసలు రజితకు తెలియదు. ఆ సాయంత్రాలు తను ఏ దారి వైపు చూస్తూ కూర్చునేదో నాకూ తెలియదు.