నాలుగు వేళ్ళ గుడ్డ

కాజాలు కుట్టే ఆవిడ ఏడాది తర్వాత మళ్ళీ గడియార స్తంభం దగ్గరికి వచ్చింది. ఎక్కడెక్కడి జనమో తలలెత్తి దానికి ఫొటోలు తీస్తున్నారు. ఆవిడ మాత్రం కన్నెత్తి చూడలేదు. స్తంభం చూద్దామనే వంకతో ఏటా ఆవిణ్ణి ఇక్కడికి లాక్కొచ్చే మనిషి, దర్జీ అయిన మొగుడు, పోయి మూడు నెలలైంది.

ఆయనగారికి గడియారం మీద ఏ మోజూ లేదు. ధ్యాసంతా ఎదురు వరసలోని డిజైనర్ షాపుల అద్దాల మీదే. లోపల అడుగుపెట్టేవాడు కాదు, టేపు తీసేవాడు కాదు. గాల్లోనే జానలు వేసి కొలిచి, ఇంటికెళ్ళి అచ్చు గుద్దినట్టు కత్తిరించేవాడు. అంతటి పనిమంతుణ్ణి కాపలావాళ్ళు దొంగేమో అనుకునేవారు, అది వేరే సంగతి. ఆవిడ స్తంభం మెట్ల మీద కూర్చుని ఆయన కోసం ఎదురుచూసేది.

పోయినసారి ఒక నీలం గౌను ముందు గంటసేపు పాతుకుపోయాడు.

"కాళ్ళు లాగుతున్నాయి, పదండి," అని మెట్ల మీంచే విసుక్కుంది.

"ఉండవే, చేతుల దగ్గరే తెగట్లేదు," అన్నాడు.

ఆ గౌను ఆవిడ కోసమే కుట్టడం మొదలుపెట్టాడు. చేతులకు సుద్దగీతలు గీశాక మంచాన పడ్డాడు, లేవలేదు. మొన్న ఆవిడ తీసి చూస్తే గీతలు తన మోచేతి కొలత కంటే నాలుగు వేళ్ళు కిందికున్నాయి. పాపం కళ్ళు మసకేశాయనుకుంది. గీతలు దులిపేసి, తన కొలతకే కత్తిరించింది. చేతులు ఎలా అమర్చాలో అసలు గౌనును చూసుకుందామని గుడ్డంతా సంచిలో పెట్టుకొచ్చింది.

అద్దంలో ఇప్పుడేదో ఎర్రది వేలాడుతోంది. ధైర్యం చేసి లోపలికెళ్ళి అడిగింది.

"ఆ నీలం గౌనా అమ్మా? దానికి అసలు చేతులే లేవు," అంది అమ్మే పిల్ల.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. చేతుల్లేని గౌనుకు ఆయన చేతులెందుకు పెట్టాడు? తన ఎడమచేతి వంక చూసుకుంది. మోచేతి కింద ఇస్త్రీపెట్టె కాల్చిన పాత మచ్చ. ఎవరైనా చూస్తే ఆ చెయ్యి వెనక్కి దాచుకోవడం ఆవిడకు అలవాటు. ఆ గంటసేపూ ఆయనకు తెగనిది అదే.

సంచిలోంచి కత్తిరింపులో పోయిన పేలిక తీసి మచ్చ మీద పరిచింది. సరిగ్గా సరిపోయింది. కలిపి కుడితే అతుకు కనబడుతుంది. అతుకు కనబడే బట్ట ఆయన జన్మలో కుట్టలేదు.

"తప్పు నాదేనండీ," అంది పైకే.

ఫొటోకి అడ్డమొస్తోందని ఎవరో ఆవిణ్ణి కాస్త జరగమన్నారు. జరిగింది.