ఒక్కపొద్దు నాడు మింగిన మాత్ర

నలభై ఏళ్ళు ధర్మవరంలో గుంతమగ్గంలో కూర్చుని పట్టుచీరలు నేసినవాణ్ణి. అరవై ఆరో ఏట హిందూపురంలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, నా ఒంట్లో విటమిన్ డి బాగా తక్కువగా ఉందని చెబితే నవ్వొచ్చింది. మా సీమలో దేనికైనా కరువుండొచ్చు గానీ ఎండకా? డి లేక డీలా పడ్డవాణ్ణి మా వీధి మొత్తానికి నేనొక్కణ్ణేనేమో.

ఆమె నవ్వలేదు. నా రక్తనాళాలు వయసుతో గట్టిపడుతున్నాయంది. డి మాత్ర ఎముకలకు మంచిదనీ, నాళాలకు ఎంత మేలు చేస్తుందో ఎవరూ గట్టిగా చెప్పలేరనీ, వాటికి బీపీ మాత్ర, నడక ముఖ్యమనీ విడమరిచింది. నేను విన్నది మాత్రం మాత్ర వరకే. మా నాయన ఇదే వయసులో మెదడుకు పోయే నాళం మూసుకుపోయి మంచం పట్టినాడు. ఆ భయం నాకుంది.

డి మాత్ర వారానికొకటి మింగమంది డాక్టరమ్మ. మరిచిపోకూడదని శనివారం పెట్టుకున్నాను. ఆ రోజు నాకు ఒక్కపొద్దు, సాయంత్రం దాకా మంచినీళ్ళే. పొద్దున్నే స్నానం చేసి, దండం పెట్టుకుని, తీర్థం పుచ్చుకున్నంత భక్తిగా మింగేవాణ్ణి.

మూడు నెలల తర్వాత మళ్ళీ హిందూపురం పోయి పరీక్ష చేయించుకుంటే అంకె దాదాపు కదల్లేదు. డాక్టరమ్మ ఆ రోజు లేదు. ఇక రోజుకొకటి వేసుకోవాలని నాకు నేనే తీర్మానించుకుని, సంచీ నిండా మాత్రలు కొనుక్కుని బస్సెక్కాను. దారిలో పెనుకొండలో దిగి అక్క ఇంట్లో భోంచేస్తూ, ఆ తెలివిని గొప్పగా చెప్పుకున్నాను. అక్క కూడా అదే మాత్ర వాడుతోంది. ఎప్పుడు మింగుతాండావని అడిగింది. చెప్పాను.

"ఒక్కపొద్దు నాడు, ఉత్త కడుపుతోనా?"

"మాత్రే గదక్కా. అన్నమా, ఒక్కపొద్దు చెడేదానికి?"

"అది నూనె, నెయ్యి ఉండే తిండితో పోతేనే ఒంటికి బాగా పట్టేది అప్పా. నువ్వు దాన్ని గూడా ఉపాసం పెట్టినావు. ఇప్పుడు ఇంకో ఆరింటిని తోడు పంపుతానంటాండావు."

చేయి కడగకముందే డాక్టరమ్మకు ఫోను చేయించింది. అక్క చెప్పిందే నిజమని ఆమె అంది. రోజుకొకటి మాటెత్తగానే గొంతు మారింది. ఇంత పెద్ద మాత్ర రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగిపోతుందట, అది నాళాల్లోనూ మూత్రపిండాల్లోనూ పేరుకోవచ్చట. ఏ నాళాలను కాపాడుకోవాలని బయలుదేరానో, వాటికే సున్నం కొట్టబోయానన్న మాట.

శనివారాన్ని దేవుడికే వదిలేసి, మాత్రను ఆదివారం భోజనానికి మార్చాను. తర్వాతి పరీక్షలో అంకె పెరిగింది. నాళాలు మెత్తబడలేదు, అంతకంటే గట్టిపడనూ లేదు. అది బీపీ మాత్ర చలవో, నడక చలవో, నాకు తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం పెనుకొండ నుంచి ఫోను వస్తుంది. అన్నంలో నెయ్యి వేసుకున్నానా లేదా అని ముందు అడుగుతుంది అక్క. నేను మాత్ర మింగి, మింగినానక్కా అనేదాకా ఫోను పెట్టదు. డెబ్బై దాటిన మనిషి, తన మాత్ర పక్కనబెట్టుకుని నా కోసం ఆగుతుంది.