బయోడేటాలో హోటల్ ఉద్యోగం

నా బయోడేటా చదివి నాకే వణుకు పుట్టింది. పాల్మాకుల నుంచి ఎయిర్‌పోర్టుకు షేర్ ఆటోలో పోతూ, ఇంటర్వ్యూలో ఏమడుగుతారోనని తీసి చూసుకున్నాను. నేను ఏదో హోటల్ రిసెప్షన్‌లో రెండేళ్లు పనిచేశానని ఉంది అందులో. ఆ హోటల్ పేరు నేనెప్పుడూ వినలేదు. ఆ రెండేళ్లూ చంటిపాపతో ఇంట్లోనే ఉన్నాను.

నడవలేని ప్రయాణికులను వీల్‌చైర్‌లో విమానం దాకా తీసుకుపోవడం నా పని. మా కంపెనీలో షిఫ్టు సూపర్‌వైజర్ పోస్టు పడింది. నాతో పాటు కుర్చీలు తోసే తొండుపల్లి అక్క నా పాత బయోడేటా చూసి నెత్తి కొట్టుకుంది. "గింత చిన్నగుంటే ఎవరిస్తరే పోస్టు? శంషాబాద్ జిరాక్సు సెంటర్ల మంచిగ చేసిస్తడు, నేను గూడ ఆడనే చేపిచ్చిన" అంది. నేనూ చేయించుకున్నాను. పేరు, ఫోన్ నంబరు సరిచూసుకుని సంచిలో పెట్టుకున్నానే తప్ప మిగతాది చదవలేదు.

ఆటోలోంచే జిరాక్సు అతనికి ఫోన్ చేశాను. "నడుమ రెండేండ్లు ఖాళీ కనిపిస్తే బాగుండదక్కా. అందరికి గట్లనే పెడ్తున్న. పరేషాన్ గాకు" అన్నాడు. వాడి నోట్లో మన్నుపడ! పరేషాన్ కాక ఏం చేయాలి? పోలీసులు అన్నీ విచారించాకే మాకు ఎయిర్‌పోర్టు పాసు ఇస్తారు. అబద్ధం చెప్పామని తేలితే ఆ పాసు పోతుంది. పాసు లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. పెద్ద పోస్టు సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే ఊడుతుంది.

ఆఫీసు బయట బెంచీ మీద అక్క అప్పటికే కూర్చుని ఉంది.

"అక్కా, నీ దాంట్ల గూడ హోటల్ ఉన్నదా?"

"ఉంటే ఉండనీ. ఇప్పుడేమైంది?"

నేను పెన్ను తీసి నా కాగితంలో ఆ లైను కొట్టేశాను. అక్క నా చేయి పట్టుకుంది. "ఏం పనే ఇది? గట్ల కొట్టేస్తెనే వాళ్లకు అనుమానమొస్తది!" నిజమే కదా అనిపించింది. ఇంకో కాపీ తెచ్చుకునే టైము లేదు. లోపలి నుంచి నన్ను పిలిచారు.

ఇద్దరు సార్లున్నారు. పెద్దాయన కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. "ఏం కొట్టేశారమ్మా ఇక్కడ?"

"హోటల్ల చేసిన్నని రాసిండ్రు సార్. నేను చెయ్యలే. పాప చిన్నదుండె, ఇంట్లనే ఉన్న."

ఆయన కాగితం బల్ల మీద పెట్టాడు. "పొద్దుటి నుంచి వచ్చినవాళ్లంతా ఆ హోటల్లోనే చేశారటమ్మా. అదెక్కడుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు" అన్నాడు. పక్కాయన వైపు తిరిగి, వాళ్ల పాసులన్నీ ఆపి మళ్లీ వెరిఫికేషన్‌కు పంపమన్నాడు. నన్ను వెళ్లమన్నారు, తర్వాత చెబుతామన్నారు.

నేను బయటికొచ్చేసరికి అక్కను పిలుస్తున్నారు. పరుగున పోయి చేయి పట్టుకున్నాను. "అక్కా, హోటల్ల చెయ్యలేదని నువ్వే ముందుగాల చెప్పు. నీకు దండం పెడ్త."

"కాయితంల ఉన్నదాన్ని లేదంటే నన్ను పిచ్చిదనుకుంటరు. నీకు మొదటిసంది పిరికితనమే" అని నవ్వి, జుట్టు సవరించుకుని లోపలికి పోయింది. తలుపు మూసేశారు.

ఇంటికి పోబుద్ధి కాలేదు. నా పోస్టు గురించిన ధ్యాసే లేదు. లోపలి నుంచి ఒక్క మాట కూడా వినపడలేదు, దాంతో నాకు ఇంకా భయమేసింది.

అక్క బయటికొచ్చినప్పుడు మెడలో పాసు లేదు. నా పక్కనే కూర్చుంది.

నేను అడగకముందే ఆమే అంది: "గిన్నేండ్లసంది కుర్చీలు తోస్తున్న కదనే. అది గూడ నిజమేనా అని అడిగిండ్రు."