పలమనేరు పాలలో కొత్త పెప్టైడు

మా సారు రిటైరయ్యేలోగా తన పేరున ఒక్కటంటే ఒక్క కొత్త సంగతి కనిపెట్టాలనుకున్నారు. అందుకు దొరికిన బలిపశువును నేను. తిరుపతిలో ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను. పలమనేరు నుంచి ఆవుపాలు తెప్పించి, వాటిలోని ప్రోటీన్లను పెప్టైడ్లనే చిన్న ముక్కలుగా చేసి, మాస్ స్పెక్ట్రోమీటరులో పెట్టేవాళ్లం. ఆ మహాతల్లి వాటి బరువులు తూచి గీతలుగా గీసిచ్చేది. ఏ గీతలు ఏ ముక్కవో కంప్యూటరు చెప్పాలి. చెప్పి చస్తేగా! గీతల్లో సగం రొదే. కిక్కిరిసిన బస్టాండులో తప్పిపోయిన మనిషిని గొంతును బట్టి వెతికినట్టుండేది.

ఆ రొదను వడగట్టి పెప్టైడ్లను సరిగ్గా గుర్తుపట్టే ప్రోగ్రాము రాయడం నా పని. రాసింది కొట్టేసి, కొట్టేసింది మళ్లీ రాసి, తల ప్రాణం తోకకొచ్చేది. ఏసీ పడని సారు మెడకు గొర్రె ఉన్ని మఫ్లరు చుట్టుకుని శాంపిళ్లన్నీ స్వయంగా కలిపేవారు. "నీ జుట్టు రాలి పడతాదమ్మా, దూరంగా ఉండు" అనేవారు నాతో. అబ్బో, ఎంత జాగ్రత్తో!

ఇంట్లో నా ఏడుపు చూడలేక మా అమ్మ, "ఆ మిషను సరిగ్గా పలికితే నీకు గుండు కొట్టిస్తానని కొండకు మొక్కినాను లే" అంది. మొక్కు ఆమెది, జుట్టు నాది. నన్నొక మాట అడగాలని ఎవరికి తోస్తుంది?

మొక్కు ఫలించింది. రొద తగ్గేకొద్దీ ఒక పెప్టైడు తేటగా బయటపడింది. ఆవు ప్రోటీన్ల జాబితాలో అది ఎక్కడా లేదు. "సూసినావా! మన పలమనేరు ఆవుల్లో ఏముండాదో లోకానికే తెలీదమ్మా!" అంటూ సారు డిపార్టుమెంటంతా మైసూరుపాకు పంచారు. వీడ్కోలు సభలో దీని గురించే మాట్లాడతానన్నారు. నేను కొండకెళ్లి గుండు చేయించుకొచ్చాను.

మర్నాడు చివరిసారిగా సరిచూద్దామని, ఆవుతో ఆగకుండా మిగతా జంతువుల ప్రోటీన్లతోనూ పోల్చమన్నాను. నా ప్రోగ్రాము తడుముకోకుండా చెప్పింది: గొర్రె. అదీ గొర్రె బొచ్చులోని ప్రోటీను. మఫ్లరు గుర్తొచ్చింది. ఓరి దేవుడా, గొర్రె వెంట్రుక దొరికినందుకా నా జుట్టంతా ఇచ్చొచ్చాను! పకపకా నవ్వాను. సారు ముఖం తలపుకొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

ఆయన లేనప్పుడు అవే పాలను నేనే కలిపి మళ్లీ పెట్టాను. రాలడానికి నా తల మీద జుట్టు కూడా లేదాయె. కొత్త పెప్టైడు అయిపూ అజా లేదు.

సారు వచ్చాక రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి, గొర్రె ఉన్ని అని వచ్చిన జవాబూ చూపించాను.

"ప్రోగ్రాములో తప్పేమోనమ్మా?"

"లేదు సార్. ఇప్పుడే సరిగ్గా పనిచేస్తా ఉండాది."

ఇన్నాళ్లూ అది పనిచేయాలని ఏడ్చాను. ఆ క్షణాన అది తప్పైతే బాగుండుననిపించింది.

సారు మెల్లగా మఫ్లరు తీశారు. చెత్తబుట్టలో పడేస్తారనుకున్నాను. నా గుండు వైపు చూసి, "ఏసీలో తలకు సలి పడతాది. కట్టుకోమ్మా" అని చేతికిచ్చారు.

ఆ గదిలో అది ఉండకూడదని ఇద్దరికీ తెలుసు. కట్టుకున్నాను. ఆ రోజు మిషను జోలికి పోలేదు.