తాబేళ్లకు మిరుగం

షార్జాలో రోలా దగ్గర, నూర్ మొహమ్మద్ పిట్టల దుకాణం మీది వాటాలో నేను అద్దెకుండేవాణ్ణి. కింద చిలకలు, పైన మా గదిలో ఆరుగురు మనుషులు. ఎవరి గోల ఎక్కువంటే చెప్పలేను. ఆసుపత్రి మందుల స్టోరులో నా ఉద్యోగం. మాది నరసాపురం పక్క పల్లె. పెళ్లి కాలేదు, అమ్మ పోయింది, చర్చి పాటలు వినడానికి ఒక జపాన్ టేప్ రికార్డరు మాత్రం ఉండేది. గదిలో తక్కినవాళ్లకి ఇంటినుంచి మాటల క్యాసెట్లు వచ్చేవి. వాటిని నా రికార్డరులోనే పెట్టుకుని, గోడవైపు తిరిగి వినేవారు. నాకు పంపేవాళ్లు లేరు. అదేమంత పెద్ద విషయం కాదని అందరితోనూ అనేవాణ్ణి.

ఎనభై రెండులో ఒక శుక్రవారం, కింద దుకాణంలో ఎవరో తెలుగులో విసుక్కుంటుంటే వినబడి గబగబా దిగి వెళ్లాను. నెత్తికి గళ్ల తువాలు చుట్టుకున్న బక్క మనిషి, చేతుల్లో తాబేలు. వాకిట్లో పిండితో వేసిన ముగ్గులాగా దాని చిప్ప నిండా పసుపు గీతలు. ఎదురుగా కోటు వేసుకున్న ఆసామి. బేరం తెగింది, ధర కుదిరింది, కానీ అమ్మేవాడే సరుకు ఇవ్వడం లేదు.

"ఘర్ మే మట్టీ హై క్యా?" అని అడుగుతున్నాడు.

మా ఇంట్లో మట్టన్నదే లేదు, వాకిలి దాకా పాలరాయేనని ఆ ఆసామి గొప్పగా చెప్పుకున్నాడు.

"ఖలాస్. నై దేతా." తాబేలును తువాల్లో చుట్టేసి, తెలుగులోకి దిగాడు. "బండల మీద ఇది ఎట్ల బతుకుతది? నీ బేరం పాడుగాను."

నూర్ మొహమ్మద్ నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఈ మనిషిని పంపే కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన యజమానికి, బుద్ధి లేదని నాకు హిందీలో ఫిర్యాదు చేశాడు. నాకైతే ఆ మనిషి భలే నచ్చేశాడు.

"ఏ ఊరయ్యా నీది?" అన్నాను.

"ధర్మపురి దిక్కు, సారు. భీమయ్య నా పేరు."

ధర్మపురి పక్కనుంచి పారే గోదావరే మా నరసాపురం దాటి సముద్రంలో కలుస్తుంది. పరాయి దేశంలో ఆ మాత్రం చుట్టరికం చాలు. ఆ రోజునుంచి శుక్రవారం వస్తే నేను నూర్ మొహమ్మద్ పికప్ ఎక్కి, సజ్జా దాటాక ఉన్న ఖల్ఫాన్ తోటకి పోవడం అలవాటు చేసుకున్నాను.

ఖల్ఫాన్ భీమయ్య కఫీల్. వయసులో ఉన్నప్పుడు పడవల్లో బొంబాయికి ఖర్జూరం తోలిన ముసలాయన, అందుకని హిందీ బాగానే వచ్చు. పాత పడవ స్నేహితుడొకడు ఒక గోనెసంచిలో మన దేశపు మెట్ట తాబేళ్లను తెచ్చి ఆయన ముందు కుమ్మరించి పోయాడు. కొత్తగా లేస్తున్న విల్లాల తోటలకి తాబేళ్లు అమ్మొచ్చు, పిల్లల్ని పెట్టించి చిన్న వ్యాపారం చేద్దామని ముసలాయన సరదా. ఖర్జూరం చెట్లకి నీళ్లు పెట్టడానికి వచ్చిన భీమయ్యకి వాటిని అప్పజెప్పాడు.

భీమయ్య వాటిని ఎలా చూసుకునేవాడో చూసి తీరాలి. ఇసుకలో కాళ్లు ఒరుసుకుపోతున్నాయని వాది అనే ఎండు వాగులోంచి తట్టలతో మట్టి మోసి, మోకాలెత్తు గోడ కట్టి, మీద మట్టలతో నీడ వేశాడు. పొద్దున్నే ఒక్కొక్కదాన్ని ఎత్తి ముక్కు కారుతోందా, కంట్లో పుసి ఉందా అని చూసేవాడు. నేను ప్రేమగా తెచ్చిన బిస్కెట్లు నా చేతిలోనే మూయించేశాడు. వాటన్నిట్లోకీ పెద్ద ఆడదానికి పెద్దవ్వ అని పేరు. పెద్దవ్వ కదిలితే భీమయ్య కదిలేవాడు.

కానీ రెండేళ్లయినా పెద్దవ్వ గుడ్డు పెట్టలేదు. తినేది, నీడలో కూర్చునేది, అంతే.

"ఇవి వాన కోసం చూస్తున్నయి సారు," అన్నాడు భీమయ్య. "మా దిక్కు మేకల కాసేటప్పుడు చూసిన. మిరుగం నాడు మొదటి వాన పడంగనే ఏ పొదలకెల్లి అస్తయో, అన్ని బయటికస్తయి. ఈడ మిరుగం లేదాయె, పాపం వాటికేం తెలుస్తది?"

మేం మృగశిర కార్తె అనేది వాళ్ల మిరుగమే. ఎండలు చల్లబడి, దుక్కులు సాగే రోజు. వాళ్లు ఆ రోజు ఇంగువ బెల్లం ఉండ మింగుతారట. ఇక్కడ ఆ రోజుకి చెప్పులు లేకుండా నేలమీద కాలు పెడితే బొబ్బలెక్కుతాయి.

మిరుగం నాటికి భీమయ్య డాల్డా డబ్బాకి మేకుతో చిల్లులు పొడిచి, తాడు కట్టి, ఖర్జూరం చెట్టుకి వేలాడదీశాడు. ముందురోజే నీళ్లు కుండల్లో పట్టి ఉంచాడు. అదెందుకయ్యా, ట్యాంకులో నీళ్లున్నాయిగా అంటే నన్ను జాలిగా చూశాడు. "ట్యాంకుల ఉడుకునీళ్లుంటయి. ఉడుకు వాన యాడన్న పడ్తదా సారు?" సాయంత్రం నా చేతిలో ఇంగువ బెల్లం పెట్టి, తనొకటి నోట్లో వేసుకుని, తాడు పట్టుకుని డబ్బాని అటూ ఇటూ ఊపుతూ వాన కురిపించాడు. మట్టి తడిసింది. నేను నవ్వుతూనే ఉన్నాను. భీమయ్య కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి, "మన మట్టి వాసన రాదు," అన్నాడు.

భార్య సాయవ్వ గురించి అతను చెప్పింది ఆ రోజే. పెళ్లయిన రెండో ఏడే ఆమెను తన తల్లి దగ్గర వదిలి వచ్చేశాడు. వరసగా రెండేళ్లు వానల్లేక కంది చేను మాడిపోతే వచ్చాడు. తాబేళ్లు పిల్లలు పెట్టేదాకా ఉండమని ఖల్ఫాన్ మొదట్లో ఒకసారి అన్నాడట. అందుకని, పిల్లలు బయటపడగానే వస్తానని సాయవ్వకి క్యాసెట్లో మాటిచ్చాడు.

ఆ శరత్కాలంలో పెద్దవ్వ గొయ్యి తవ్వి గుడ్లు పెట్టింది. భీమయ్య సంతోషం పట్టలేకపోయాడు. కోళ్లను పొదగేసిన చేతులు కదా, గుడ్లు తవ్వి తీసి, బుట్టలో రంపపు పొట్టు పరిచి పేర్చాడు. కోడి తన గుడ్లను రోజూ పొర్లిస్తుంది కాబట్టి ఇతనూ పొద్దునా సాయంత్రం వాటిని పొర్లించాడు. తొందరగా పిల్లలవ్వాలి, తొందరగా ఊరెళ్లాలి. ఎంత జాగ్రత్తగా పొర్లించేవాడంటే, చూస్తుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చేది. చలికాలం సగమయ్యేసరికి గుడ్లు కంపుకొట్టాయి. పగలగొడితే లోపల పిల్ల మొదలై, మధ్యలోనే చచ్చిపోయి ఉంది. తాబేలు గుడ్డును పెట్టినచోటునుంచి కదల్చకూడదని ఖల్ఫాన్ ఎవర్నో అడిగి వచ్చి చెప్పాడు. భీమయ్య ఆ రోజు అన్నం తినలేదు. ఇప్పుడప్పుడే రావడం కుదరదని సాయవ్వకి చెప్పడానికి నా రికార్డరు ముందు కూర్చుని, చాలాసేపు దగ్గుతూ ఉండిపోయాడు.

మరుసటేడు మిరుగానికి ముందు కొత్త పట్టు పట్టాడు. "నిరుడు వానకు సప్పుడు లేదు సారు. అందుకే సగమే బయటికచ్చినయి."

"తాబేలుకి చెవులుంటాయా భీమయ్యా?"

"మీకున్నయిగదా, మీరేం ఇంటున్నరు?" అన్నాడు.

ఊరికెళ్లినవాడి చేత సాయవ్వకి సొంతంగా ఒక టేప్ రికార్డరు పంపాడు. వాన చప్పుడు దాంట్లో పట్టి పంపమన్నాడు. ఆ వాన క్యాసెట్ మిరుగం దాటాక పది రోజులకి వచ్చింది. తోటలో డబ్బా నింపి దాన్ని పెట్టాం. దాంట్లో ముందు బర్రె ఈనిన సంగతి, అత్త మోకాళ్ల నొప్పుల సంగతి, తర్వాత ఆమె గొంతు సన్నబడి, "ఇగో, పడ్తంది. నేను మాట్లాడ. నువ్వు ఇను," అంది. ఆ తర్వాత పెంకుల మీద వాన. భీమయ్య తాడు ఊపడం మరిచిపోయి నిలబడ్డాడు. డబ్బా నేనే ఊపాను. పెద్దవ్వ నీడలోంచి నడిచి వచ్చి వాన కింద మెడ చాపింది. అది నీళ్ల చల్లదనానికే వచ్చిందని ఇప్పటికీ నా అభిప్రాయం, కానీ ఆ మాట అప్పుడు అనలేకపోయాను.

ఈసారి పెద్దవ్వ పెట్టిన గుడ్ల జోలికి భీమయ్య పోలేదు. వేడి ఆరకుండా మట్టికి కాపలా కూర్చున్నాడు. చలికాలం చివర మట్టి పగిలి పిల్లలు బయటపడ్డాయి. ఒకదాన్ని చొక్కా జేబులో పెట్టుకుని రోలాకి తెచ్చి నా అరచేతిలో ఉంచాడు. రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది, వీపు మీద అప్పుడే ముగ్గు. మా గదిలో ఆరుగురం దాని చుట్టూ చేరాం.

"ఇంకేం, ఊరెళ్లు," అన్నాను.

"పసివిగదా సారు. ఎండలు ముదరనీ, జర గట్టిపడ్తయి."

ఎండలు ముదిరాయి. మిరుగం దగ్గరికొచ్చిందన్నాడు. నాకు అనుమానమొచ్చింది. ఈ అమాయకుడు నోరు విప్పడం లేదు, ముసలాయన పాస్‌పోర్టు దాచి ఆడిస్తున్నాడని తీర్మానించుకుని, తాడో పేడో తేల్చుకుందామని ఖల్ఫాన్ దగ్గరికి వెళ్లాను. ఆయన నా అరుపులన్నీ విని, బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి నా ముందు పెట్టాడు.

"మై బోలా, యల్లా జావ్. వో బోల్తా, మై జాయేగా తో బారిష్ కౌన్ కరేగా?"

ఆయన వెళ్లమంటూనే ఉన్నాడు. నేను వెళితే వీటికి వాన ఎవరు కురిపిస్తారని భీమయ్యే వెళ్లడం లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. సరాసరి దొడ్డి దగ్గరికి పోయి, నీకు పిచ్చి పట్టిందయ్యా అని తిట్టాను. భీమయ్య పిల్లలకి ఆకు తుంచి వేస్తూనే చెప్పాడు.

"మనసంత ఆడనే ఉంటది సారు. సాయవ్వ గొంతు ఇంటే పానం ఆగదు. కని ఊర్ల నేను వాన కోసం మొగులు దిక్కు చూసుకుంట కూసుండేటోన్ని. చేను ఎండుతుంటే చేతులు కట్టుకోని చూసిన. ఈడ తాడు పట్టుకుంటే వాన పడ్తది. నన్ను నమ్ముకున్నది ఎండలేదు. గది ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె?"

నేనూ పక్కన కూర్చుని ఆకు తుంచడం మొదలుపెట్టాను.

పాత క్యాసెట్ అరిగిపోయి, వాన బదులు పిండి జల్లించినట్టు వినబడుతోంది. కొత్త వాన పట్టి పంపమని సాయవ్వకి కబురు చేశాడు. ఆ ఏడు మిరుగం తేదీ వచ్చిపోయినా తాబేళ్లకి వాన కురిపించలేదు. కొత్త వాన రానీ అన్నాడు. జూలైలో జగిత్యాల మనిషొకడు క్యాసెట్ తెచ్చి నా గదిలో ఇచ్చాడు. శుక్రవారం అది పట్టుకుని తోటకి వెళ్లాను. కుండల్లో నీళ్లు చల్లబడి ఉన్నాయి. భీమయ్య డబ్బా నింపి, వేళ్లతో చిల్లులు మూసి, తాడు పట్టుకుని తలూపాడు. నేను మీట నొక్కాను.

వాన లేదు. గాలి, ఎండుటాకుల గలగల, దూరంగా కాకి. క్యాసెట్ రెండో వైపేమోనని నేను చెయ్యి పెట్టబోతే భీమయ్య వద్దన్నాడు. చాలాసేపటికి సాయవ్వ గొంతు వచ్చింది.

"మిరుగం పోయింది. ఆరుద్ర గుడ పోతంది. చుక్క పడలే. నువ్వు వాన పంపుమన్నవని దినాం పొద్దూకి ఈ టేపు డబ్బ పట్టుకోని వాకిట్ల కూసుంటన్న. ఆడ తాబేళ్లకు వాన కొడ్తున్నవట. మంచిదే. ఈడ వాన లేదు. నేనైతే ఉన్న. సాలదా?"

తర్వాత మళ్లీ గాలి. ఆమె లేచి వెళ్లలేదు, ఊపిరి వినబడుతూనే ఉంది. క్యాసెట్ అయిపోయేదాకా అలాగే కూర్చున్నట్టుంది. భీమయ్య వేళ్లు ఎప్పుడు జారాయో, డబ్బాలోంచి నీళ్లు అతని కాళ్ల మీదే కారుతున్నాయి. తాబేళ్లు నీడలోంచి కదలలేదు. క్యాసెట్ ఆగాక కుండల్లో మిగిలిన నీళ్లన్నీ డబ్బాలో పోసి, మట్టి మొత్తం తడిసేదాకా ఊపి, ఆ తడి కాళ్లతోనే ఖల్ఫాన్ గదికి వెళ్లాడు. పాస్‌పోర్టు ఇమ్మన్నాడు.

వెళ్లేముందు పని నాకు అప్పగించాడు. రోజువారీ మేత ఖల్ఫాన్ చూస్తాడు, శుక్రవారాలూ మిరుగమూ నావి. గుడ్లు ముట్టొద్దన్నాడు. పాలరాయి ఇళ్లకి అమ్మొద్దన్నాడు. "పెద్దవ్వకు మీ వాసన అలవాటు కావాలె, మీ పాత అంగి ఒకటి ఈడ ఇడువున్రి" అన్నాడు. విమానం ఎక్కించి వచ్చాక ఆ పని చేశాను. పెద్దవ్వ నా చొక్కా మీద కూర్చుని దాన్ని నాశనం చేసింది.

భీమయ్య తిరిగి రాలేదు. బావి తవ్వుతున్నాడని, వరి పెట్టాడని వచ్చేపోయేవాళ్లు చెప్పేవారు. మరుసటి మిరుగం వచ్చింది, అరిగిన క్యాసెట్టే గతి అనుకుంటుండగా, తర్వాతి వారం ఒకతను రోలా వెతుక్కుంటూ వచ్చి నా పేరు అడిగి మరీ ఒక క్యాసెట్ ఇచ్చాడు. నా పేరున క్యాసెట్ రావడం అదే మొదలు. గదిలో ఎవర్నీ విననివ్వకుండా తోటకి పట్టుకుపోయాను.

డబ్బా నింపి, తాడు పట్టుకుని, మీట నొక్కాను. మాటా పలుకూ లేదు, ముందునుంచీ వానే. పెంకుల మీద కాదు, మట్టి మీద, ఆకుల మీద పడుతున్న పెద్ద వాన. రికార్డరును తువాలు కింద పెట్టుకుని వాకిట్లో నిలబడ్డట్టున్నాడు భీమయ్య, మధ్యమధ్య అతని దగ్గు వినబడుతోంది. పెద్దవ్వ వచ్చింది, వెనకే తక్కినవీ, నిరుటి పిల్లలూ వచ్చాయి. నేను నిండా తడిసిపోయాను. అప్పుడు వాన వెనకనుంచి, ఇంట్లోంచి, సాయవ్వ గొంతు.

"తాబేళ్లకు సాలుగనీ, తడుస్తన్నవ్. లోపటికి రా."

అతను పలకలేదు. ఇంకా వాన పట్టుకుంటూనే ఉన్నాడు.

"లోపటికి రమ్మంటన్నగదా."

అక్కడితో టక్కున ఆగిపోయింది. డబ్బా ఖాళీ అయి ఊగుతోంది. భూమ్మీద ఎక్కడైనా, ఏ ఇంట్లోనైనా, నన్ను అలా పిలిచే మనిషి ఒకరుంటే ఎంత బాగుండునని ఆ రోజు నాకు మొదటిసారిగా ఏడుపొచ్చింది. మళ్లీ డబ్బా నింపాను, క్యాసెట్ వెనక్కి తిప్పాను. తాబేళ్లకైతే వాన వరకే చాలు. నేను ఆ పిలుపు దాకా విన్నాను.